ఇరవై ఎనిమిదో రోజు తర్వాత ఏమవుతుంది?

కోస్తా విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు బహిరంగ లేఖ

ఆంధ్ర విశ్వవిద్యాలయం, కాకినాడ జేఎన్‌టీయూ మొదలుకొని, సముద్రానికి దగ్గరలో ఇంజనీరింగ్ చదువు చెబుతున్న ప్రతి విశ్వవిద్యాలయపు ఉపకులపతికీ ఈ లేఖ.

మీ సివిల్ ఇంజనీరింగ్ ప్రయోగశాలల్లో అనునిత్యం జరిగే పని ఒకటుంది. 150 మిల్లీమీటర్ల ఇనుప అచ్చుల్లో కాంక్రీట్ నింపుతారు. మర్నాడు అచ్చులు విప్పి క్యూబులను నీటి తొట్టిలో వేస్తారు. కొన్నింటిని ఏడో రోజున, మిగిలినవాటిని ఇరవై ఎనిమిదో రోజున బయటికి తీసి, యంత్రం కింద పెట్టి, పగిలేదాకా నొక్కుతారు. ఎంత భారానికి పగిలిందో రిజిస్టరులో రాస్తారు. కాంక్రీట్ పాసయిందా లేదా అన్నది ఆ అంకె తేలుస్తుంది. దేశమంతటికీ ఒకే కొలత ఉండాలి కనుక ఆ పరీక్ష అవసరమే. దాన్ని ఎవరూ తప్పుపట్టరు. అయితే ఆ కాంక్రీటుతో తీరంలో కట్టిన జెట్టీ, వంతెన, తుపాను షెల్టరు ఇరవై ఎనిమిదో రోజు దాటాకే సముద్రంతో కాపురం మొదలుపెడతాయి. దశాబ్దాల పాటు ఉప్పుగాలికి నిలబడాలి. ఆ దశాబ్దాల్లో ఏం జరుగుతుందో మన తీరంలో, మన సిమెంటుతో, మన ఇసుకతో, మన ఎండలో కొలిచి చెప్పవలసింది ఎవరు? విశ్వవిద్యాలయాలే అని ఈ లేఖ నమ్ముతోంది. అడుగుతున్నది కూడా అదే.

ఉప్పాడతో మొదలుపెట్టడం న్యాయం. కాకినాడకు ఉత్తరాన, జాందానీ చీరలకు పేరుపడ్డ ఆ ఊరు దశాబ్దాలుగా కొంచెం కొంచెంగా సముద్రంలో కలుస్తోంది. ఇళ్లు పోయాయి, గుళ్లు పోయాయి. కాకినాడ వెళ్లే బీచ్ రోడ్డు ఎన్నిసార్లు తెగిందో, ఎన్నిసార్లు రాళ్లు పోసి అతికించారో ఆ దారిన తిరిగే ఆటో డ్రైవర్లకు తెలుసు. 2010 ప్రాంతంలో అక్కడ జియోట్యూబు గోడ వచ్చింది. గట్టి సింథటిక్ బట్టతో కుట్టిన పొడవాటి గొట్టాల్లోకి ఇసుకను నీళ్లతో కలిపి పంపు చేస్తే, నీళ్లు బట్టలోంచి కారిపోతాయి, ఇసుక లోపల బిగుసుకుంటుంది. పెద్ద రాయి తేవడం కష్టమైన చోట, పని త్వరగా కావలసిన చోట అది మంచి ఆలోచనే. కొన్నాళ్లు అలల తాకిడిని కాచింది. ఆ తర్వాత తుపాన్లకు, రోజువారీ అలలకు దెబ్బతింది. మళ్లీ రాళ్లు పోయవలసి వచ్చింది.

ఇలాంటి గోడ దెబ్బతినడానికి దారులు చాలా ఉన్నాయి. సింథటిక్ బట్ట ఎండకు పెళుసెక్కుతుంది. పడవ అడుగు రాసుకున్నా, అల తెచ్చిన దుంగ గుచ్చుకున్నా చిరుగుతుంది, చిరుగులోంచి ఇసుక కారిపోతుంది. గోడ పాదం దగ్గర అల సుడి తిరిగి కింది ఇసుకను తవ్వేస్తే గొట్టం ముందుకు దొర్లుతుంది. గోడ చివర్లలో అల మలుపు తిరిగి వెనక నుంచి కొరుకుతుంది. ఉప్పాడలో వీటిలో ఏది ఎప్పుడు జరిగింది? ఏది ముందు, ఏది తర్వాత? రెండు పొరల బట్ట వేసివుంటే సరిపోయేదా, పాదానికి ఇంకా వెడల్పు పరుపు కావలసిందా? ఈ ప్రశ్నలకు జవాబు దొరకాలంటే గోడ కట్టిన రోజు నుంచి ప్రతి నెలా ఎవరో ఒకరు అక్కడ నిలబడి కొలుస్తూ ఉండాలి. కాకినాడ క్యాంపస్‌లో ఉదయం బస్సెక్కిన విద్యార్థి ఉప్పాడలో కొలతలు తీసుకుని మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయానికి ఇంత దగ్గరగా ఇంత పెద్ద ప్రయోగం దేశంలో అరుదుగా దొరుకుతుంది.

పొరుగున ఒడిశాలో కేంద్రపడా జిల్లా పెంఠా దగ్గర 505 మీటర్ల జియోట్యూబు గోడ ఉంది. దాని నమూనా రూపొందించింది ఐఐటీ మద్రాసు. పుదుచ్చేరిలో రేవు అడ్డుగోడల వల్ల మాయమైన బీచిని తిరిగి తేవడానికి చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నీటి అడుగున ఉక్కు రీఫ్ దించింది. 2018, 2019 ప్రాంతాల్లో జరిగిన ఆ పని తర్వాత అక్కడ ఇసుక మళ్లీ చేరింది. ఒకే బంగాళాఖాతం, ఒకే తుపాన్ల వరస, వేర్వేరు ఫలితాలు. ఈ మూడు చోట్ల కొలతలను పక్కపక్కన పెట్టి చదివితే మన తీరానికి ఏది పనికొస్తుందో తేలుతుంది. ఆ చదువు చదవవలసినవాళ్లు మీ దగ్గరే ఉన్నారు.

ఉప్పాడ కథలో గోడ ఒక చిన్న భాగం. అసలు కథ ఇసుకది. మన తూర్పు తీరంలో అలలు ఒడ్డును ఏటవాలుగా తాకుతాయి. అల ఇసుకను ఏటవాలుగా పైకి తోస్తుంది, వెనక్కి వెళ్లే నీరు దాన్ని తిన్నగా కిందికి లాగుతుంది. అలా మెట్టుమెట్టుగా ఇసుక ఒడ్డు వెంట ప్రయాణిస్తుంది. నైరుతి గాలుల కాలంలో ఉత్తరానికి, ఈశాన్య గాలుల కాలంలో దక్షిణానికి. ఏడాది మొత్తం మీద చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఈ ప్రయాణానికి గోదావరి మోసుకొచ్చే మట్టి, ఇసుకే పెట్టుబడి. కాకినాడ రేవును తుపాను అలల నుంచి కాపాడే హోప్ ఐలాండ్ ఆ పెట్టుబడితోనే పుట్టింది. ఆ ఇసుక దిబ్బ ఉత్తరానికి పెరిగేకొద్దీ దాని వెనక, దాని ముందు అలల నడక మారుతుంది. మరి పైనుంచి వచ్చే మట్టే తగ్గిపోతే?

దీనికి జవాబు విశాఖలోని వాల్తేరు నుంచే వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడు కె. నాగేశ్వరరావు, ఆయన సహ పరిశోధకులు 2010లో ఒక అంతర్జాతీయ పత్రికలో కృష్ణా, గోదావరి డెల్టాల లెక్క ప్రచురించారు. గోదావరి నీటిలో తేలుతూ వచ్చే మట్టి 1970-79 మధ్య ఏడాదికి 15.02 కోట్ల టన్నులు. 2000-06 నాటికి అది 5.72 కోట్ల టన్నులకు పడిపోయింది. నదిలో నీరు పెద్దగా తగ్గలేదు, మట్టి మాత్రం మూడో వంతుకు దగ్గరగా వచ్చింది. ఆనకట్టల వెనక ఆగిపోయిన మట్టి అది. కృష్ణ సంగతి ఇంకా దారుణం. 1966-69లో 90 లక్షల టన్నులు తెచ్చిన నది 2000-05 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయింది. ఫలితంగా 336 కిలోమీటర్ల జంట డెల్టా తీరంలో 1965 నుంచి 2008 వరకు 76 చదరపు కిలోమీటర్ల నేల నికరంగా సముద్రం పాలైంది. 1990కి ముందు ఏడాదికి 1.39 చదరపు కిలోమీటర్లు పోతుండగా, ఆ తర్వాతి పదేళ్లలో 2.32కి పెరిగింది.

ఈ అంకెల దగ్గర కాస్త ఆగాలి. ఇవి ఎలా సాధ్యమయ్యాయి? నది ఒడ్డున కొలత కేంద్రాల్లో ఎవరో ఉద్యోగులు ఏళ్ల తరబడి సీసాల్లో నీళ్లు పట్టి, వడపోసి, మట్టిని ఆరబెట్టి, తూకం వేసి, పుస్తకంలో రాశారు. వాళ్లలో చాలామందికి ఆ అంకెలు ఎందుకు పనికొస్తాయో చెప్పినవాళ్లుండరు. నలభై ఏళ్ల తర్వాత ఒక ఆచార్యుడి చేతిలో అవే అంకెలు రెండు డెల్టాల భవిష్యత్తును చెప్పాయి. కొలత ఏ పదేళ్ల పాటో ఆగిపోయి ఉంటే ఆ పరిశోధనా పత్రం ఉండేది కాదు. ఆగని కొలత ఎంత విలువైనదో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ వెతకనక్కర్లేదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఈ అలవాటు కొత్త కాదు. 1950ల తొలినాళ్లలో అమెరికా నుంచి సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరు వచ్చి పాఠాలు చెప్పాడు. అక్కడ భూగర్భ శాస్త్రాన్ని నిలబెట్టిన ఆచార్య సి. మహదేవన్ కాలం అది. లాఫాండ్, ఆయన సహ పరిశోధకుడు ప్రసాదరావు కలిసి వాల్తేరు ఒడ్డున ఇసుక పోవడం, తిరిగి రావడం అనే వలయాన్ని కొలిచి, 1954లో విశ్వవిద్యాలయం సముద్ర శాస్త్ర సంకలనంలో అచ్చువేశారు. ఆంధ్ర తీరం ఎదుట సముద్రం అడుగున ఉన్న లోయల్లో ఒకదానికి ఆంధ్ర అనీ, మరొకదానికి మహదేవన్ అనీ పేర్లున్నాయి. విశాఖ పోర్టు ఔటర్ హార్బర్ ప్రారంభానికి ఇరవై ఏళ్ల ముందే, ఆ తీరం ఎలా ఉండేదో ఒక విశ్వవిద్యాలయం కొలిచి పెట్టిందన్నమాట. ఇప్పుడు విశాఖ ఆర్కే బీచ్ ఎందుకు కోసుకుపోతోందని అడిగే ప్రతివారికీ ఆ పాత కొలతలు పునాదిరాళ్లు.

విశాఖ అనుభవం మిగతా తీరానికి పాఠం కూడా. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన 1933లో రేవు తెరిచినప్పుడే ఇసుక సమస్య ఇంజనీర్లకు తెలుసు. అలల అడ్డు కోసం రెండు పాత ఓడలను అక్కడ ముంచారు. 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది. దాని పొడవాటి అడ్డుగోడలు ఉత్తరానికి పోయే ఇసుకను ఆపుతాయి. అందుకే పోర్టు డ్రెడ్జర్‌తో ఇసుక తవ్వి, అడ్డుగోడలకు అవతల ఉన్న నగర తీరంలో పోస్తుంది. ఏటా చేయవలసిన పని అది. ఒక ఏడు ఆలస్యమైనా, చాలకపోయినా బీచ్ రోడ్డు గోడ బయటపడుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. అలాంటి రోజు ఒడ్డు ఎంత పోయిందో చెప్పాలంటే ముందు వారం ఎంత ఉందో తెలియాలి. తుపాను వెళ్లాక పోయి కొలిస్తే మిగిలిందే తెలుస్తుంది, పోయింది తెలియదు.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, తీరం మీద మళ్లీ పెద్ద ఎత్తున రాయి పడుతోంది. రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేటలో పోర్టులు. జువ్వలదిన్నె, నిజాంపట్నం, మచిలీపట్నం, ఉప్పాడలో ఫిషింగ్ హార్బర్లు. మత్స్యకారులకు అవి కావాలి. పడవను ఇసుకలోకి లాక్కుంటూ నడుములు విరగ్గొట్టుకున్న తరాలు వాళ్లవి. ఆ హార్బర్లు వద్దనే హక్కు దూరంగా ఉన్నవాళ్లకు లేదు. కానీ ప్రతి అడ్డుగోడా ఒక పక్క ఇసుకను పోగేస్తుంది, ఇంకో పక్క ఆకలితో ఉంచుతుంది. ఉప్పాడ అయితే ఇప్పటికే కోతకు గురవుతున్న ఊరు. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో 1990 నుంచి 2018 వరకు చేసిన అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్ తీరంలో సుమారు 295 కిలోమీటర్లు, అంటే 28.7 శాతం, కోతలో ఉన్నట్టు తేలింది. ఉపగ్రహం ఒడ్డు గీతను చూపిస్తుంది. నీటి కింద ఇసుక ఎంత మందాన ఉందో, ఏ వాలులో ఉందో చూపించదు. దానికి మనిషి దిగాలి, లెవెల్ కర్ర పట్టుకోవాలి, పడవ మీద లోతు కొలవాలి. కొత్త గోడల నీడ పూర్తిగా పడకముందు ఉన్న రూపాన్ని ఈ ఒకటి రెండేళ్లలోనే పట్టుకోవాలి, తర్వాత ఎంత డబ్బు పెట్టినా దొరకదు.

ఇక కాంక్రీట్ సంగతి. మేస్త్రి నుంచి చీఫ్ ఇంజనీరు దాకా అందరూ తీరంలో ఇనుము తుప్పు పడుతుందంటారు. ఎక్కడ ఎక్కువ పడుతుందన్నది అందరికీ తెలిసిన విషయం కాదు. నీటిలో పూర్తిగా మునిగిన స్తంభం కంటే, పోటుకు తడిసి పాటుకు ఆరే భాగం త్వరగా చెడుతుంది. తడిసినప్పుడు ఉప్పు లోపలికి పోతుంది. ఆరినప్పుడు నీరు ఆవిరై ఉప్పు అక్కడే ఉండిపోతుంది, గాలి లోపలికి వస్తుంది. తుప్పుకు తేమ, గాలి రెండూ కావాలి. మంచి కాంక్రీట్ క్షారగుణం వల్ల చువ్వ మీద పలచని రక్షణ పొర ఉంటుంది, ఉప్పులోని క్లోరైడు చేరి దాన్ని ఛేదిస్తుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. లోపలి నుంచి ఒత్తిడి పెరిగి పైనున్న కాంక్రీట్ పెచ్చులుగా ఊడుతుంది. అందుకే మన ఐఎస్ 456 ప్రమాణం పూర్తిగా మునిగి ఉండే కాంక్రీటును తీవ్రమైన పరిస్థితిగా లెక్కేసి, పోటుపాట్ల మధ్య ఉండేదాన్ని అన్నిటికంటే తీవ్రమైన తరగతిలో పెట్టింది. అక్కడ కనీసం ఎం40 గ్రేడ్ కాంక్రీట్, చువ్వల మీద 75 మిల్లీమీటర్ల కాంక్రీట్ పొర (కవర్) ఉండాలంటుంది.

ప్రమాణం దేశం మొత్తానికి. భీమిలి గాలిలో ఉప్పు, మచిలీపట్నం బురద నేలలో ఉప్పు, కృష్ణపట్నం ఎండ వేర్వేరు. విశాఖ ఉక్కు కర్మాగారం సముద్రం పక్కనే ఉంది. అక్కడి బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చే స్లాగును మెత్తగా రుబ్బి సిమెంటులో కలుపుతారు. స్లాగు సిమెంటు కాంక్రీటును దట్టం చేస్తుంది, క్లోరైడును కొంతమేర పట్టి ఉంచుతుంది. సముద్రపు పనులకు అది మేలని ప్రపంచమంతా ఒప్పుకున్నదే. మరి మన స్లాగు, మన గోదావరి ఇసుక లేదా ఇప్పుడు దాని స్థానంలో వాడుతున్న రాతి ఇసుకతో చేసిన కాంక్రీటులోకి పదిహేనేళ్లలో ఉప్పు ఎన్ని మిల్లీమీటర్లు దిగుతుంది? ఈ ఒక్క అంకె తెలిస్తే తీరంలో కట్టే ప్రతి తుపాను షెల్టరు డిజైను మారవచ్చు. ప్రయోగశాలలో విద్యుత్తు పంపించి ఆరు గంటల్లో చేసే క్లోరైడు పరీక్ష అంచనా ఇస్తుంది. పదిహేనేళ్ల జవాబు పదిహేనేళ్లకే వస్తుంది.

అంత ఓపిక విశ్వవిద్యాలయాలకు ఉంటుందా అని ఎవరైనా అడిగితే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయాన్ని చూపించవచ్చు. అక్కడ మార్టన్ విథీ అనే ఆచార్యుడు 1910లో కాంక్రీట్ నమూనాలు పోసి దాచడం మొదలుపెట్టాడు. 1923లో మరికొన్ని, 1937లో ఇంకొన్ని. తను బతికుండగా అన్నిటి ఫలితం చూడలేనని ఆయనకు తెలిసే ఉంటుంది. 1975లో వాషా, వెంట్ అనే తర్వాతి తరం వాళ్లు యాభై ఏళ్ల ఫలితాలు ప్రచురించారు. తేలిందేమిటంటే, ముతక సిమెంటుతో చేసిన పాత కాంక్రీట్ బయట వానలో మంచులో ఉంటూ యాభై ఏళ్ల దాకా బలం పెంచుకుంటూ పోయింది. 1937 నాటి మెత్తటి సిమెంటుతో చేసినది పదేళ్లకూ పాతికేళ్లకూ మధ్య గరిష్ఠ బలానికి చేరి, తర్వాత కొంత తగ్గింది. ఇరవై ఎనిమిది రోజుల క్యూబు ఈ తేడాను చెప్పగలదా? తొందరగా బలం రావాలని సిమెంటును ఇంకా ఇంకా మెత్తగా రుబ్బుతున్న కాలంలో మనం ఉన్నాం. అదే దేశంలో మెయిన్ రాష్ట్రపు ట్రీట్ ఐలాండ్‌లో సైన్యపు ఇంజనీర్లు 1936 నుంచి కాంక్రీట్ దిమ్మెలను సముద్రపు పోటుపాట్లకు వదిలి చూస్తున్నారు. మన దేశంలోనూ తమిళనాడు మండపం దగ్గర కారైకుడి ఎలక్ట్రో కెమికల్ పరిశోధన సంస్థ లోహాలను సముద్రపు గాలికి పెట్టి తుప్పును కొలిచింది. కనుక ఇది మన దేశానికి అలవికాని పనేమీ కాదు.

ఇలాంటి కొలతలు అక్కరకొచ్చే సందర్భం ఒకటి 2024లో రాజధాని అమరావతిలో వచ్చింది. ఐదేళ్లు ఆగిపోయిన కట్టడాలు, నీళ్లలో నానిన పునాదులు, బయటికి పొడుచుకొచ్చిన చువ్వలు ఇంకా పనికొస్తాయా అని పరిశీలించడానికి మద్రాసు, హైదరాబాదు ఐఐటీల నిపుణులు వచ్చారు. వాళ్లు సమర్థులు, రావలసినవాళ్లే. అలాంటి ప్రశ్న మళ్లీ వచ్చినప్పుడు, ఇదే వాతావరణంలో ఐదేళ్లు, పదేళ్లు ఆరుబయట నిలిచిన నమూనాల లెక్క పుస్తకాన్ని మన రాష్ట్ర విశ్వవిద్యాలయం బల్ల మీద పెట్టగలిగితే ఆ నిపుణుల పని కూడా సులువవుతుంది.

మట్టి విషయంలో మాత్రం గర్వంగా చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది. నల్లరేగడి మట్టిని ఎరిగిన రైతుకు దాని స్వభావం చెప్పనక్కర్లేదు. వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు, వానకు ఉబ్బి బంకబంక. దానిలోని మాంట్‌మోరిల్లొనైట్ ఖనిజం పొరల మధ్యకు నీటిని లాక్కోవడం వల్ల ఇది జరుగుతుంది. ఇంజనీరింగ్ మొదటి పరీక్షే చూడముచ్చటగా ఉంటుంది. పది గ్రాముల మట్టిని ఒక కొలత జాడీలో నీళ్లలో, మరో పది గ్రాములు ఇంకో జాడీలో కిరసనాయిలులో వేసి మర్నాటి దాకా ఉంచుతారు. కిరసనాయిలులో మట్టి ఉబ్బదు. రెండు జాడీల్లో ఎత్తుల తేడా ఆ నేల ఎంత కొంటెదో చెబుతుంది.

ఈ నేల మీద కాలువ లైనింగ్ నిలవకపోవడం పెద్ద సమస్య అయినప్పుడు ఐఐటీ బొంబాయిలో ఆచార్య ఆర్.కె. కట్టి బృందం పెద్ద పెద్ద తొట్టెల్లో ప్రయోగాలు చేసింది. ఉబ్బని, కానీ బంకగుణం ఉన్న మట్టిని తగిన మందంలో పరిస్తే కింది నల్లరేగడి ఉబ్బు అదుపులోకి వస్తుందని చూపింది. కర్ణాటకలో మలప్రభ కాలువల మీద అది ఆచరణలోకి వచ్చింది, భారతీయ ప్రమాణంలోకి ఎక్కింది. రూర్కీ భవన పరిశోధన సంస్థ అడుగున ఉబ్బెత్తు గుండుతో ఉండే అండర్ రీమ్డ్ పైలును మన నేలలకు తగ్గట్టు తీర్చిదిద్ది ఇళ్ల పునాదులకు దారి చూపింది. మన కాకినాడ కూడా తక్కువ తినలేదు. నేలలో దించిన కంకర స్తంభం మధ్యలో ఇనుప కడ్డీని పెట్టి అడుగున పలకకు బిగించే పద్ధతిని ఎ. శ్రీరామారావు, బి.ఆర్. ఫణికుమార్ వంటి మన ఆచార్యులు, ఎం.ఆర్. మాధవ్ వంటి పెద్దలతో కలిసి అభివృద్ధి చేసి అంతర్జాతీయ పత్రికల్లో ప్రచురించారు. నేల ఉబ్బి పునాదిని పైకి తోసినప్పుడు ఆ కంకర లంగరు పట్టి ఆపుతుంది. తీరంలోని మెత్తటి సముద్రపు బంకమట్టిని సున్నం, బూడిద, స్లాగుతో గట్టిపరచడం మీద కూడా కాకినాడలో ఎంతో పని జరిగింది.

అయితే ఒక మాట సూటిగా చెప్పాలి. పీహెచ్‌డీ గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగలో పెట్టిన సిద్ధాంత గ్రంథాలను, ఏటా అచ్చయ్యే పత్రాలను తిరగేస్తే ఒకే మూస పదేపదే కనిపిస్తుంది. ఫలానా మట్టికి ఫలానా బూడిద ఇన్ని శాతం కలిపితే బలం ఇంత పెరిగింది, ఇన్ని శాతం దాటితే తగ్గింది. వరి ఊక బూడిద, గ్రానైటు పొడి, ప్లాస్టిక్ ముక్కలు, కొబ్బరి పీచు. ప్రతి దానికీ ఒక వంపు గీత. ఆ మట్టి ఐదు వర్షాకాలాలు తడిసి, ఐదు వేసవులు ఎండాక ఏమైందో చెప్పే పత్రాలు చాలా తక్కువ. ఇందులో పరిశోధక విద్యార్థిని నిందించడం అన్యాయం. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఫెలోషిప్ ఆగితే ఇల్లు గడవదు. ఆచార్యుడికి పదోన్నతి కోసం పత్రాల సంఖ్య కావాలి. మూడేళ్లలో ముగిసే ప్రశ్ననే అందరూ ఎంచుకుంటారు. పదిహేనేళ్ల ప్రశ్నను ఏ ఒక్కరూ మోయలేరు. దాన్ని సంస్థ మోయాలి, అంటే మీరు మోయాలి. అందుకే ఈ లేఖ ఆచార్యులకు కాకుండా మీకు రాయవలసి వచ్చింది.

ఏం చేయవచ్చు? విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలో మూడు ఆరుబయలు ప్రయోగ స్థలాలు కావాలి. మూడూ మూడు రకాల సముద్రాలు. విశాఖది కొండరాతి ఒడ్డు, కాకినాడది దిబ్బ చాటు అఖాతం, మచిలీపట్నానిది బురద మేట. ప్రతిచోటా పోటుపాట్ల మధ్య ఒక వరస, అల తుంపర పడే ఎత్తులో ఒక వరస, ఒడ్డుకు ఒక కిలోమీటరు లోపల ఒక వరస కాంక్రీట్ దిమ్మెలు నిలబెట్టాలి. స్థానికంగా దొరికే సిమెంట్లు, స్లాగు, నది ఇసుక, రాతి ఇసుక అన్నీ ఉండాలి. మామూలు చువ్వ, పూత వేసిన చువ్వ రెండూ ఉండాలి. ఒకటో ఏడు, ఐదో ఏడు, పదో ఏడు, ఇరవై ఐదో ఏడు, యాభయ్యో ఏడు తీసి కోసి చూడాలి. ఎన్ని దిమ్మెలు పోయాలో, ఏ ఏట ఎన్ని తీయాలో మొదటి రోజే రాసిపెట్టాలి. లేకపోతే పదో ఏటి ఉత్సాహంలో యాభయ్యో ఏటి నమూనాలు కూడా పగిలిపోతాయి. అలాగే గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో చిన్న చిన్న పునాదులు వేసి, పైన గోడ కట్టి, ప్రతి వర్షాకాలం ముందూ తర్వాతా ఎత్తు కొలిచే స్థలం ఒకటి ఉంటే కంకర లంగరు పద్ధతి, ఉబ్బని మట్టి పరుపు, అండర్ రీమ్డ్ పైలు ఒకే నేలలో పక్కపక్కనే పరీక్షకు నిలబడతాయి.

తీరం కొలతకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. మూడో ఏడు సర్వే క్యాంపు ఎలాగూ ఉంది. ఆ క్యాంపును ఏటా అదే గీతల మీద, అదే స్థిర బిందువుల నుంచి పెడితే చాలు, చదువూ అవుతుంది, కొలతా నిలుస్తుంది. నీటిలో లోతు కొలవడానికి మత్స్యకారుల పడవ అద్దెకు తీసుకోండి. పడవతో పాటు ఆ మనిషి అనుభవానికి కూడా కూలి కట్టి, పత్రంలో ఆయన పేరు రాయండి. ఏ నెలలో ఇసుక ఎటు కదులుతుందో, ఏ ఏట మేట ఎక్కడ పడిందో వాళ్లకు తెలిసినంత ఏ ఉపగ్రహానికీ తెలియదు.

ఇంతకంటే కష్టమైనది చెడిపోయిన పనుల పరిశీలన. ఒక కట్ట తెగినప్పుడు, ఒక జెట్టీ పెచ్చులూడినప్పుడు, కాంట్రాక్టరు రాళ్లు సర్దేలోపే విశ్వవిద్యాలయ బృందం అక్కడికి చేరి ఫోటోలు, నమూనాలు, కొలతలు తీసుకునే హక్కు ఉండాలి. దానికి జలవనరుల శాఖతో, మత్స్యశాఖతో, పోర్టులతో రాతపూర్వక ఒప్పందం కావాలి. ఎవరి మీద కేసు పెట్టడానికో అయితే ఏ ఇంజనీరూ తలుపు తీయడు. తప్పు వెతకడం ఉద్దేశం కాదని, నివేదికలో అధికారుల పేర్లుండవని, కారణం మాత్రమే ఉంటుందని ఒప్పందంలోనే రాసుకోవచ్చు. విమాన ప్రమాదాల విచారణ ప్రపంచమంతా ఆ నియమం మీదే నడుస్తోంది, విమాన ప్రయాణం ఇంత భద్రం కావడంలో దాని పాత్ర పెద్దది.

డబ్బు మాట రాకమానదు. 2020-21లో మన దేశం పరిశోధన మీద పెట్టిన ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతమేనని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి, రాష్ట్ర విశ్వవిద్యాలయాల వాటా అందులోనూ చిన్నది. అయినా 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు చేయూతనిస్తామని చెబుతోంది. పోర్టు కట్టే ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతుల్లో సాధారణంగా తీరం మీద నిఘా పెట్టమనే షరతు ఉంటుంది. ఆ పనిని మీ విశ్వవిద్యాలయాలు అడిగి తీసుకోవచ్చు. దిమ్మెలు పోయడానికి అయ్యే ఖర్చు ఒక చిన్న రోడ్డు పనికయ్యేంత కూడా ఉండదు. అసలు ఖర్చు మనుషులది. ఒక్కో స్థలానికి ఒక శాశ్వత టెక్నీషియన్, ఆయన రిటైరయ్యేలోపు చేతికింద తయారైన మరొకరు. ఆ పోస్టు ఖాళీ పడకుండా చూడటమే ఉపకులపతిగా మీరు ఇవ్వగల పెద్ద గ్రాంటు.

ఫలితాలను తెలుగులో కూడా అచ్చువేయండి. తీర ప్రాంతంలో ఇల్లు కట్టుకునేవాడు, కట్టించే మేస్త్రి, పంచాయతీ ఇంజనీరు చదివి అర్థం చేసుకునేలా ఏటా ఒక పలచని పుస్తకం. కవర్ ఎంత ఉంచాలి, ఏ సిమెంటు అడగాలి, ఉప్పునీటితో క్యూరింగ్ ఎందుకు చేయకూడదు, ఏ ఏట ఏ దిమ్మెలో తుప్పు కనిపించింది. ఫోటోతో, అంకెతో. ఫలితం ఆశించినట్టు రానప్పుడు కూడా అచ్చువేయాలి, బహుశా అప్పుడే ముందుగా వేయాలి.

మొదటి పని ఈ నైరుతికి ముందే చేయవచ్చు. ఉప్పాడలో కొత్త హార్బరు గోడకు ఉత్తరాన ఐదు గీతలు, దక్షిణాన ఐదు గీతలు. ప్రతి గీత మీద ఒడ్డు నుంచి మనిషి మునిగే లోతు దాకా లెవెల్, అక్కడి నుంచి పడవ మీద కొలత. కాకినాడ జేఎన్‌టీయూ విద్యార్థులు, ఆంధ్ర విశ్వవిద్యాలయ సముద్ర శాస్త్ర విద్యార్థులు కలిసి చేస్తే కొన్ని రోజుల పని. కొలతలన్నీ అదే నెలలో రెండు విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లలో ఎవరైనా దించుకునేలా పెట్టండి, ఒక నకలు ఉప్పాడ పంచాయతీకి ఇవ్వండి. ఈశాన్య గాలులు మొదలయ్యాక మళ్లీ అవే గీతల మీద కొలవడానికి తేదీ ఇప్పుడే నిర్ణయించి, ఆ తేదీని విద్యా సంవత్సరపు క్యాలెండర్‌లో పరీక్షల తేదీల పక్కన వేయించండి.

గౌరవంతో,
ఒక పత్రికా రచయిత